జీడి నూనె పూసిన సంచీ

రిటైరైన నర్సమ్మల అనుభవాలన్నీ కలిపి పుస్తకం వేస్తున్నాం, మీరూ ఏదైనా రాయండి అని మా పాత ఆఫీసు అమ్మాయిలు ఫోన్ చేశారు. కాన్పుల గురించి రాస్తాననుకుని ఉంటారు. కాన్పుల గురించి రాయడానికి బోలెడుమంది ఉన్నారు. నేను సంచీ గురించి రాస్తాను. సైకిల్ తొక్కేటప్పుడు భుజం మీంచి అడ్డంగా వేసుకునే సంచీ. నవ్వొస్తే నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. నా పెళ్ళి చీర కూడా అంత బుర్ర పెట్టి ఎంచుకోలేదు నేను.

మాది నందిగాం దగ్గర పల్లె. టెక్కలిలో చర్చి హాస్టల్లో ఉండి చదువుకున్నాను. వార్డెనమ్మకు ఒక లేడీస్ సైకిల్ ఉండేది. ఆదివారం ఆరాధన అయ్యాక, వాక్యం సరిగ్గా అప్పజెప్పిన పిల్లకు ఆ సైకిల్ మీద ఆవరణ చుట్టూ ఒక చుట్టు తిరిగే భాగ్యం దొరికేది. నాకు వాక్యాలు బాగా వచ్చాయంటే భక్తి వల్ల కాదు, సైకిల్ వల్ల. ఆ అలవాటే రిటైరయ్యేదాకా ఉండిపోయింది. మధ్యలో ఇంట్లోవాళ్ళ పోరు పడలేక స్కూటీ కొన్నాను. తోటల మధ్య ఇసకలో అది నన్నొకసారి పడేశాక మా కోడలికిచ్చేశాను. సైకిల్ కూడా పడేస్తుంది, కానీ మన మీద పడదు. దారికి అడ్డంగా చెట్టు కూలితే ఎత్తి అవతల పెట్టుకోవచ్చు కూడా.

ఉద్యోగం చివరి భాగమంతా ఉద్దానంలో ఒక సబ్ సెంటర్లో గడిచింది. సముద్రం వైపు ఊళ్ళు, కొబ్బరి తోటలు, జీడి తోటలు. అక్కడ కిడ్నీ జబ్బు ఎంత మందిని తీసుకుపోయిందో ఈ జిల్లాలో పుట్టినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళకు చెప్పాల్సింది మాత్రం ఒకటుంది. ఆ ఊళ్ళ మనుషులు సూదికి విసిగిపోయి ఉన్నారు. కార్లలో ఎవరెవరో వచ్చేవాళ్ళు. రక్తం తీసేవాళ్ళు, బావినీళ్ళు సీసాలో పట్టేవాళ్ళు, ఫొటోలు దిగేవాళ్ళు, వెళ్ళిపోయేవాళ్ళు. నీ రక్తంలో ఇదుందయ్యా అని తిరిగొచ్చి చెప్పినవాళ్ళు తక్కువ. అందుకని నేను సూది బయటకు తీస్తే చాలు, అరుగుల మీంచి మొదలయ్యేది.

“మల్లీ వొచ్చీసినావేటి సిస్టరమ్మా? మొన్న పట్టుకెల్లిన రగతం ఏటి సేసినారు, తాగీసినారా?”

నాకు కోపం తొందరగా వస్తుంది. “తాగడానికి మీ రక్తంలో ఏముంది, ఉప్పు చేపలు తప్ప” అనేదాన్ని. వాళ్ళు నవ్వేవాళ్ళు, చెయ్యి చాచేవాళ్ళు. అలా తిట్టుకుంటూ పని జరిగేది.

పని ఏమిటంటే, పొద్దున్నే ఊళ్ళో రక్తం తీసి మధ్యాహ్నంలోగా పలాస ఆసుపత్రి ల్యాబ్‌కు చేర్చడం. గాజు గొట్టాలు, వాటి మీద అంటించిన చీటీలు, చల్లగా ఉండడానికి ఐసు పెట్టిన చిన్న డబ్బా. ఇదంతా సైకిల్ వెనక క్యారేజీకి కట్టేస్తే పోలేదా అని మీరనొచ్చు. పోలేదు. గుంతల్లో కుదుపుకు గొట్టంలోనే రక్తకణాలు చితికిపోతాయి. అలాంటి శాంపిల్‌ను ల్యాబ్ వాళ్ళు మొహాన కొట్టినట్టు వెనక్కిచ్చేస్తారు. ఒంటికి వేసుకుంటే ఆ కుదుపు మన నడుం భరిస్తుంది. కాబట్టి భుజాన సంచీ తప్పదు. డిపార్ట్‌మెంటు ఒక సంచీ ఇచ్చింది. ముందు బొమ్మ, వెనక నినాదం, మధ్యలో ఒక జిప్పు. జిప్పు ముందు పోయింది, తర్వాత బొమ్మ పోయింది, నినాదం మాత్రం చివరిదాకా ఉంది.

ఇక ఆయన గురించి. ఆ ఊళ్ళో కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపే మనిషి ఒకాయన ఉండేవాడు. నలభై దాటి ఉంటాయి. నోట్లో బీడీ, నడుముకు కత్తి, ఎవరినైనా ఏడిపించే మాట. చెట్టు మీంచే ఊరందరికీ కబుర్లు చెప్పేవాడు. ఆయన మొహం పొద్దున పూట ఉబ్బి ఉండడం నేను గమనించాను. సాయంత్రానికి ఆ ఉబ్బు కాళ్ళలోకి దిగేది. నా ఉద్యోగంలో ఉన్నవాళ్ళకు అది చాలు. కానీ రక్తం చూడకుండా ఏ డాక్టరూ మందు రాయడు. తొందరగా పట్టుకుంటే ఈ జబ్బును మందులతో కొన్నేళ్ళు నెట్టుకు రావచ్చు. ఆలస్యమైతే డయాలసిస్ మిషనే గతి, అది కూడా అదృష్టం ఉంటే. ఈ సంగతి వాళ్ళావిడకు చెప్తే, ఆవిడ ఎలాగో బతిమాలి ఆయన్ని చెట్టు దింపి నా ముందు కూర్చోబెట్టింది. ఆయన చెయ్యి చాచి మొహం అటు తిప్పుకున్నాడు. చెట్టు చివరన గాలికి ఊగుతూ పాటలు పాడే మనిషికి సూదంటే భయం.

ఆ రోజే వాన పట్టింది. పలాస చేరేసరికి సంచీలోకి నీళ్ళు దిగాయి. చీటీల మీద పేర్లు రాసింది మా చిన్న సిస్టర్. జలంత్రకోట నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి, చక్కని దస్తూరి, జెల్ పెన్ను తప్ప ముట్టదు. ల్యాబ్‌లో సంచీ తెరిచేసరికి గొట్టాలన్నీ నీలంగా ఉన్నాయి. ఏ గొట్టం ఎవరిదో చెప్పడానికి పరలోకంలో తప్ప వేరే ఆధారం లేదు. ల్యాబ్ టెక్నీషియన్ పెదవి విరిచి మొత్తం పారబోశాడు.

మర్నాడు ఊళ్ళోకి వెళ్ళి మళ్ళీ రక్తం ఇవ్వమని అడిగాను. ఆడవాళ్ళు సణుక్కుంటూనే ఇచ్చారు. ఆయన ఇవ్వలేదు.

“నానొల్ల. సూది పొడిసి తీసింది వాన్నీల్లలో కడిగీసినావు. మల్లీ పొడుత్తావా? ఏటి, నా రగతం ఏమైనా పంపు నీల్లేటి, తిప్పితే వొచ్చీడానికి?”

“అయితే నువ్వే పలాస రా, అక్కడే తీస్తారు.”

“ఒకరోజు సెట్టు దిగితే మల్లీ నాకు పనెవుడిత్తాడు?”

ఎంత చెప్పినా అదే మాట. కోపమొచ్చి నేనూ నాలుగు మాటలన్నాను. ఆయన నవ్వి చెట్టెక్కేశాడు. మనిషి మొహం వాచి ఉంది, కళ్ళు చిన్నవైపోయి ఉన్నాయి, పైనుంచి పాట వినిపిస్తోంది. అక్కడ కింద నిలబడి నేను ఒకటే అనుకున్నాను. ఈయన మళ్ళీ ఎప్పుడో ఒప్పుకుంటాడు. ఒప్పుకున్న రోజు ఆ రక్తం పోకూడదు. రెండోసారి పోతే ఇక ఈ మనిషి చెయ్యి చాచడు.

అలా మొదలైంది సంచీ వెతుకులాట.

మా డాక్టరుగారు చాలా తేలిగ్గా, పాలిథిన్ కవర్లో చుట్టి పెట్టుకోండి సిస్టర్ అన్నారు. చుట్టాను. ఐసు డబ్బాకు చెమట పడుతుంది కదా, పై నీళ్ళు లోపలికి రాలేదు గానీ లోపలి నీళ్ళు బయటకు పోలేదు. చీటీలు ఆ చెమటలోనే నానాయి. పైగా డబ్బా మూల తగిలి కవరు చిరిగేది. ఎరువుల బస్తా కత్తిరించి కుట్టుకోమని ఒకరన్నారు. యూరియా వాసనతో ల్యాబ్‌లోకి వెళ్తే ఏమంటారో నాకు తెలుసు.

చిన్న సిస్టర్ తన ఫోన్లో ఒక సంచీ చూపించింది. బొమ్మలో ఒక అమ్మాయి జడివానలో నవ్వుతూ సైకిల్ తొక్కుతోంది. భుజాన ఎర్ర సంచీ. బావుందే అని తెప్పించాం. వచ్చిన రోజే దినపత్రిక ఒకటి లోపల పెట్టి కుళాయి కింద పట్టాను. బట్ట మీంచి నీళ్ళు తామరాకు మీద జారినట్టు జారాయి. చిన్న సిస్టర్ చప్పట్లు కొట్టింది. జిప్పు తీసి చూస్తే రాశిఫలాల పేజీ మెత్తబడి ఉంది. బట్ట మంచిదే, నీళ్ళు వచ్చింది జిప్పు పళ్ళ మధ్యనుంచి. బొమ్మలో ఆ అమ్మాయి ఎందుకంత నవ్వుతోందో అప్పుడర్థమైంది, ఆ పిల్ల సంచీలో ఏమీ ఉండి ఉండదు. ఎర్ర సంచీ చిన్న సిస్టర్ ఉంచేసుకుంది, కాలేజీకెళ్ళే తమ్ముడికి ఇచ్చింది.

పలాసలో జీడిపప్పు లోడుకొచ్చే లారీలకు బరకాలు కుట్టే దుకాణాలున్నాయి. లారీ మీద కప్పే బరకం వానలో ఎన్ని రాష్ట్రాలు దాటినా సరుకు తడవనివ్వదు. ఆ గుడ్డతోనే సంచీ ఎందుకు కుట్టించుకోకూడదు అని నాకు తట్టింది. ఒక ముసలాయన దగ్గరకెళ్ళి అడిగాను. ఆయన దబ్బనం చెవి మీద పెట్టుకుని నన్ను పైకీ కిందకీ చూశాడు.

“లారీకి కుడతాను, ఆటోకి కుడతాను. సిస్టరమ్మకి కుట్టడం ఇదే మొదలు. సెప్పు తల్లీ, ఎలగుండాలి?”

చెప్పాను. జిప్పు వద్దు. మూత పొడుగ్గా ఉండి, రెండు మడతలు పడి ముందుకు దిగాలి. భుజం పట్టీ నాలుగు వేళ్ళ వెడల్పు ఉండాలి, లేకపోతే మెడ కోసేస్తుంది. నడుం చుట్టూ ఇంకో పట్టీ కావాలి. సైకిల్ తొక్కేటప్పుడు సంచీ కడుపు మీదికి జారిందంటే మోకాలు తగులుతుంది, మనిషి పడుతుంది. లోపల ఐసు డబ్బాకు ఒక అర, దాని చెమట తగలకుండా గొట్టాలకు వేరే అర. ఆయన అంతా విని, “ఇంత సంగతుందా ఒక సంచీలో” అని, పాత బరకంలో ఎండకు నలగని భాగం వెతికి కత్తిరించి కుట్టాడు. బలమైన సంచీ. లారీ కింద పడినా ఏమీ కాదనిపించేలా ఉంది. కుళాయి కింద పడితే మాత్రం దబ్బనం దూరిన ప్రతి రంధ్రంలోంచీ ఒక్కో చుక్క లోపలికి వచ్చింది.

నేను సబ్ సెంటర్ అరుగు మీద ఆ సంచీ ముందేసుకుని దిగులుగా కూర్చున్నప్పుడు మా సూపర్‌వైజరు వచ్చాడు. భావనపాడు వైపు మనిషి, తండ్రి పడవ మీద బతికినవాడు. ఏ విషయమైనా చివరికి సముద్రం దగ్గరికి తీసుకెళ్ళి వదిలిపెట్టేవాడు. ఈయన మంచివాడని ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పేది విన్నాక మీరు నమ్మకపోవచ్చు.

“దీనికింత ఆలోసనేటి సిస్టర్? మా అయ్య పడవకి జీడి నూనె పూసీవోడు. పలకల మద్దిన సందుల్లో పట్టించీసీవోడు. సముద్రమే దూరనేదు, వానెంత?”

ఆయన చెప్పింది అబద్ధం కాదు. జీడిపిక్క తొక్కలోంచి వచ్చే నల్లనూనె పడవలకు పూయడం మా తీరంలో పాత అలవాటే. ఆ తొక్కలోని జీడి ఒంటికి తగిలితే కాలినట్టు పొక్కులొస్తాయన్న సంగతీ మా తీరంలో చంటిపిల్లలకు కూడా తెలుసు. పిక్కలు కొట్టే ఆడవాళ్ళు చేతులకు ఆముదం, బూడిద పట్టించుకోకుండా పనిలో కూర్చోరు. కూర్చుంటే నేనే తిట్టేదాన్ని. ఈ రెండు సంగతులూ మా ఇద్దరికీ తెలుసు. రెండూ ఒకేసారి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

సూపర్‌వైజరు తెలిసిన ఫ్యాక్టరీలో అడిగి ఒక పాత డబ్బాడు జీడి నూనె తెచ్చాడు. కొబ్బరి పీచుతో కుంచె చేసుకుని, చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, కుట్టు వెంట కుట్టు పట్టించాడు. చేతికి కవరు తొడుక్కున్నవాడికి నా వీపు గుర్తు రాలేదు చూడండి! ఎండలో ఆరబెట్టాం. నల్లగా, నిగనిగలాడుతూ ఆరింది. కుళాయి కింద పట్టాను. ఒక్క చుక్క రాలేదు. సంబరపడిపోయి మర్నాడే వేసుకుని బయల్దేరాను.

మంచి ఎండ. సైకిల్ తొక్కితే చెమట. పైకి ఆరిన నూనె మడతల్లో ఆరలేదన్న సంగతి నా వీపుకు సాయంత్రం తెలిసింది, నాకు తెల్లారి తెలిసింది. ఎడమ భుజం నుంచి కుడి నడుం దాకా, సంచీ పట్టీ ఎలా పోయిందో అలాగే, ఒక్క వంపు తప్పకుండా పొక్కులు. అబ్బబ్బ! ఆ మంట మీకు చెప్పలేను. రవిక తొడుక్కోలేను, పడుకోలేను. మా పాస్టరమ్మ చూడ్డానికొచ్చి, మంచం పక్కన ప్రార్థన చేసి, ఆమెన్ అన్నాక ఆగలేక నవ్వేసింది.

“సిస్టరమ్మా, జంజెం ఏసినట్టుంది. నీకు వొడుగెప్పుడు సేసినారు?”

పిక్కలు కొట్టే ఆడవాళ్ళు గుంపుగా వచ్చారు. కొబ్బరినూనె తెచ్చారు. సానుభూతి కూడా తెచ్చారు గానీ అది గుమ్మం దాకానే ఉంది.

“మాకు సెప్పీదానివి కదమ్మా, ఒంటికి ఆముదం రాసుకోండర్రా అని! నువ్వు రాసుకోనేదేటి?”

సూపర్‌వైజరు వచ్చినప్పుడు బోర్లా పడుకునే ఆయన్ని తిట్టాను. నీ అయ్య, నీ పడవ, నీ సముద్రం అని వరసబెట్టి తిట్టాను. ఆయన తల వంచుకుని అంతా విన్నాడు. చివరికి నిజంగా ఆశ్చర్యపోతూ అన్నాడు.

“ఏటో సిస్టర్... పడవ ఏనాడూ మాకు సెప్పనేదు.”

అంత మంటలోనూ నాకు నవ్వొచ్చింది. నవ్వితే వీపు లాగింది. దానికి మళ్ళీ తిట్టాను.

సంచీని సబ్ సెంటర్ వెనక గోడకు మేకు కొట్టి తగిలించాం. ఎవరూ ముట్టుకోలేదు. ఎండలో ఎండింది, గాలికి ఊగింది, రోజులు గడిచేకొద్దీ జిగురు పోయి తోలులా గట్టిపడింది. నా పాత యూనిఫాం చీర, తెల్లది, నాలుగు మడతలు వేసి దాని వెనక వైపున, పట్టీ కింద దిట్టంగా కుట్టాను. అయినా వేసుకోవడానికి ధైర్యం చాలలేదు. తడవని సంచీ ఒకటి నా దగ్గరుంది, అది గోడకుంది. నేను పాత డిపార్ట్‌మెంటు సంచీలో కవర్లు చుట్టుకుని, ఆకాశం చూసుకుంటూ తిరుగుతున్నాను.

వానాకాలం ముదిరింది. బంగాళాఖాతంలో వాయుగుండం అని టీవీలో చెప్తున్న రోజుల్లో, ఒక ఉదయం చెట్లెక్కే ఆయన భార్య తల మీద గోనె కప్పుకుని సబ్ సెంటర్‌కు వచ్చింది.

“మనిసి ముద్ద ముట్టడం నేదు సిస్టరమ్మా. తిన్నది కక్కేత్తన్నాడు. సెట్టెక్కి మూడొంతులు పోయి దిగిపోనాడు. ఎప్పుడూ అలగ దిగనేదు. నువ్వోపాలి రా.”

వెళ్ళాను. మేకు మీది సంచీ తీసి వేసుకునే వెళ్ళాను. ఆ గాలిలో వేరే గతి లేదు.

ఆయన వసారాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మొహం గుర్తు పట్టేలా లేదు. నన్ను చూసి ఏమంటాడోనని గుమ్మంలోనే ఆగాను. ఆయన నన్ను చూడలేదు, సంచీని చూశాడు.

“ఇదేనేటి నీకు పుండు సేసింది?”

ఊరందరికీ తెలిసిన కథ ఆయనకు తెలియకుండా ఎలా ఉంటుంది! అవునన్నాను.

“తోలూడిపోనాదంట కదా. మల్లీ అదే ఏసుకొచ్చినావా?”

“వానకి తడవనిది ఇదొక్కటే ఉంది మరి.”

“నా గురించేనా?”

“నువ్వొక్కడివేనా నాకు, ఊళ్ళో ఇంతమందుండగా” అన్నాను. అది అబద్ధమని ఆయనకు తెలుసు. “ఇలా పట్రా” అని సంచీ తీసుకున్నాడు. చెవి మీది బీడీ అక్కడ పెట్టి, మొలలోంచి అగ్గిపెట్టె తీసి సంచీ అడుగున వేశాడు. మూత రెండు మడతలూ వేసి, భార్యను నీళ్ళు తెమ్మన్నాడు. ఆవిడ బిందెడు నీళ్ళు తెచ్చి సంచీ మీద గుమ్మరించింది. చాలదన్నాడు. ఇంకో బిందె. అదీ చాలలేదు. నీళ్ళు కారుతున్న సంచీని చూరు కింద ధార పడే చోట పెట్టించి, అలాగే చూస్తూ కూర్చున్నాడు. నాకు పలాస బండి తప్పిపోతున్నట్టు ఆత్రం. నోరు మాత్రం మూసుకునే ఉన్నాను, నా జీవితంలో అరుదుగా.

చివరికి సంచీ తెరిచాడు. అగ్గిపెట్టె తీశాడు. ఒక పుల్ల గీశాడు.

వెలిగింది.

ఆ మంట వంక చూసి, దాంతో బీడీ వెలిగించుకోబోయి, ఏమనుకున్నాడో మానేసి పుల్ల పారేశాడు. చెయ్యి చాచి మొహం అటు తిప్పుకున్నాడు.

“పొడు.”

నరం రెండుసార్లు తడిమి చూసుకుని పొడిచాను. అంతకు ముందు వేలమందికి పొడిచిన చేతులు. చీటీ మీద ఈసారి నేనే పెన్సిల్‌తో రాశాను.

దారి గురించి ఎక్కువ చెప్పను. సముద్రం వైపు నుంచి గాలి. తలల మీద కొబ్బరి మట్టలు రాలుతున్నాయి. ఆటోలు లేవు. ఒకచోట జీడిచెట్టు కొమ్మ విరిగి దారికి అడ్డంగా పడితే సైకిల్ ఎత్తి అవతల పెట్టాను. తెల్ల చీర మడతలు తడిసి, వాటిలోంచి వీపు చిమచిమలాడడం మొదలైంది. జీడి ఇంకా ఉందో, నా భయమో తెలియదు. నడుం పట్టీ మాత్రం సంచీని కదలనివ్వలేదు. కుట్టిన ముసలాయనకు దారి పొడుగునా దీవెనలు పెట్టాను.

ల్యాబ్‌లో అదే టెక్నీషియన్. నన్ను, నా ఒంటి మీంచి కారుతున్న నీళ్ళనూ చూసి, పెదవి విరవడానికి సిద్ధంగా ఉన్నాడు. సంచీ తెరిచాను. ఆయన గొట్టం పైకెత్తి వెలుగులో చూశాడు. చీటీ చదివాడు. తర్వాత సంచీలో చెయ్యి పెట్టి అటూ ఇటూ తడిమాడు.

“ఇదేటి సిస్టర్, ఎండలో వొచ్చినట్టున్నాది?”

ఎంత గర్వం కలిగిందో చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గు లేదు. ఎవరో టీ ఇచ్చారు. తడి బట్టలతోనే స్టూలు మీద కూర్చుని సంచీ కథ మొదలుపెట్టాను. ఎర్ర సంచీ, రాశిఫలాలు, దబ్బనం, పడవ, పాస్టరమ్మ. ల్యాబ్ మొత్తం నా చుట్టూ చేరి నవ్వుతోంది. పడవ ఏనాడూ మాకు చెప్పలేదన్న మాట దగ్గర నేను నవ్వలేక ఆగిపోయాను. అప్పుడు చూస్తే టెక్నీషియన్ ఒక్కడే నవ్వడం లేదు. ఆయన మిషను దగ్గర నిలబడి ఉన్నాడు. మళ్ళీ ఒకసారి వేసి చూస్తాను సిస్టర్ అన్నాడు. వేసి చూశాడు. నా దగ్గరకొచ్చి మెల్లగా చెప్పాడు. రక్తంలో క్రియాటినిన్ ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఉంది.

టీ చేతిలోనే ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

డాక్టరు అప్పటికి మాత్రలు రాసిచ్చి, మర్నాడే మనిషిని తీసుకురమ్మన్నారు. అవి అదే సంచీలో వేసుకుని వెనక్కి బయల్దేరాను. వాన తగ్గింది. వెళ్ళేటప్పుడు కనబడనివన్నీ వచ్చేటప్పుడు కనబడ్డాయి. దారి పక్కన ఆయన చెట్లెక్కే తోటలు ఏవో నాకు తెలుసు.

ఆయన అదే చోట కూర్చుని ఉన్నాడు.

“తడిసినాదేటి?” అన్నాడు.

“తడవలేదు.”

“మరేటి, సెప్పు.”

ఇన్నాళ్ళూ ఆ రక్తం తడవకుండా ఎలా చేర్చాలో ఆలోచించాను. బట్ట, కుట్టు, పట్టీ, మూత, నూనె, అన్నీ ఆలోచించాను. చేర్చాక తిరిగొచ్చి ఈ మనిషి ఎదురుగా కూర్చుని ఏం చెప్పాలో ఒక్కరోజూ ఆలోచించలేదు. మాత్రలు తీసి ఆయన పక్కన పెట్టాను. ఏది ఎప్పుడు వేసుకోవాలో చెప్పబోయాను, ఏడుపొచ్చేసింది. నర్సు ఏడవకూడదని మాకు చెప్పి పంపారు. ఏడ్చాను.

వాళ్ళావిడ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఆయన మాత్రలు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“సర్లే సిస్టరమ్మా. మా ఊరొచ్చి రగతం పట్టుకెల్లినోల్లు సానామంది. తిరిగొచ్చి ఇలగ ఎదర కూకున్నదానివి నువ్వే. రేపు బేగి రా, ఎల్దాం.”

మర్నాడు తీసుకెళ్ళాను. మందులతో కొంతకాలం నెట్టుకొచ్చాడు, డాక్టర్లు అనుకున్న దానికంటే ఎక్కువ కాలమే. తర్వాత మిషను తప్పలేదు. చెట్లెక్కడం మానేశాడు. బీడీ మానేశాడు. పాట మాత్రం అప్పుడప్పుడూ ఉందని వాళ్ళావిడ చెప్పేది.

కొత్తగా ఉద్యోగంలో చేరుతున్న అమ్మాయిలూ, మీకు ఇప్పుడు మంచి పెట్టెలు, బళ్ళు వచ్చాయని విన్నాను. సంతోషం. ఎప్పుడైనా సంచీయే కొనుక్కోవలసి వస్తే బొమ్మ చూసి మోసపోకండి. జిప్పు నమ్మకండి, కుట్లు చూడండి, పట్టీ వెడల్పు చూడండి. కొట్లోనే అగ్గిపెట్టె ఒకటి లోపల పెట్టి నీళ్ళు పొయ్యమనండి, కొట్టువాడు తిడితే తిట్టనివ్వండి. ఎవరైనా జీడి నూనె పూస్తానంటే ముందు ఆయన వీపుకు పూసి చూడండి. తిరిగొచ్చి ఏం చెప్పాలన్నది మాత్రం ఏ కొట్లోనూ దొరకదు, దారిలో ఆలోచించుకోండి. ఆలోచించుకున్నా అక్కడికెళ్ళాక అది పనికిరాదు, అయినా ఆలోచించుకోండి.

రిటైరైన రోజు సంచీ ఆయనకిచ్చేశాను. పలాసకు డయాలసిస్‌కు వెళ్ళేటప్పుడు తువ్వాలు, మాత్రలు పెట్టుకోవడానికి పనికొస్తుందని. జీడి తగులుతుందేమో చూసుకో అంటే, “ఇంకా ఏటి సేత్తాదది నన్ను” అని నవ్వాడు.

ఈమధ్య ఏదో పని మీద పలాస వెళ్ళి, వాన వస్తే ఒక కొట్టు చూరు కింద నిలబడ్డాను. పక్కన ఎవరో మనిషి, బక్కచిక్కి, భుజాన నల్ల సంచీ. ముందు సంచీని గుర్తు పట్టాను, తర్వాత ఆయన్ని. ఆసుపత్రి నుంచి వస్తున్నాడు. ఎలా ఉందన్నాను.

“దాహం సిస్టరమ్మా. రోజుకి గలాసుడు నీల్లు దాటొద్దంటారు. వాన సూత్తే నోరూరిపోతాది. నాలోకి నీల్లు పోకూడదు, నీ సంచీలోకీ పోకూడదు. ఇద్దరం ఒకటే అయిపోనాం.”

ఆయన సంచీ ముందుకు లాక్కుని, మూత రెండు మడతలూ విప్పి, అడుగున వెతికి ఒక అగ్గిపెట్టె తీశాడు. బీడీ మానేసి ఇన్నేళ్ళయిందిగా, ఇదెందుకన్నాను.

“నువ్వు కనబడితే సూపిద్దామని.”

పుల్ల గీశాడు. వెలిగింది. అరచేయి అడ్డం పెట్టి నా వైపు పట్టుకున్నాడు. అది వేళ్ళ దాకా కాలి ఆరిపోయేదాకా ఇద్దరం చూస్తూ నిలబడ్డాం.